ఆకృతుల అన్వేషి – అలన్ ట్యూరింగ్

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున ఉన్న కొండాపూర్ ఒకనాడు రాతిగుట్టల నడుమ ఒదిగిన చిన్న గ్రామం. పొరుగున ఉన్న మాదాపూర్‌లో 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తరువాత ఆ ప్రాంతపు రూపురేఖలు మారిపోయాయి. అద్దాల మేడలు వెలిశాయి. వేలాది యువతీయువకులు అక్కడ కంప్యూటర్ల ముందు కూర్చుని జీవనోపాధి పొందుతున్నారు. ఆ మేడలకు చేరువలోనే కోట్ల విజయభాస్కరరెడ్డి వృక్షశాస్త్ర ఉద్యానం ఉంది. అందులోని ఏ మొక్కను పరికించినా కాండం చుట్టూ ఆకులు ఒక క్రమంలో అమరి కనిపిస్తాయి. కంప్యూటర్ మానవుని కల్పన. మొక్క ప్రకృతి సృష్టి. ఈ రెండింటికీ పొత్తు లేదని మనం భావిస్తాం. కాని ఈ రెండింటి వెనుక ఉన్న నియమాలను గణితంతో వెదకిన మేధావి ఒకడున్నాడు. ఆయనే అలన్ మాథిసన్ ట్యూరింగ్. కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసినవాడుగా లోకం ఆయనను ఎరుగును. జీవి రూపుదిద్దుకొనే తీరును సమీకరణాలలో నిలిపిన వాడుగా ఆయనను ఎరిగినవారు తక్కువ.

మనిషి గాని, చేప గాని, పక్షి గాని ఒకే ఒక కణంతో జీవనయాత్ర ప్రారంభిస్తాయి. ఆ కణం రెండుగా, రెండు నాలుగుగా, నాలుగు ఎనిమిదిగా విభజన చెందుతాయి. తొలిదశలో ఆ కణాలన్నీ ఇంచుమించు ఒకే విధంగా ఉంటాయి. వాటికి సంక్రమించిన వారసత్వమూ ఒక్కటే. అయినా కొంతకాలానికి ఒకటి గుండెకు చెందిన కణమవుతుంది, ఒకటి ఎముకలో చేరుతుంది, మరొకటి కంటిలో చోటు చేసుకుంటుంది. మానవదేహంలో ఇటువంటి కణజాతులు రెండు వందలకు పైగా ఉన్నాయి. తమలో ఎవరు ఏమి కావాలో ఆ కణాలు ఎలా నిర్ణయించుకుంటాయి? కుమ్మరి లేకుండా కుండ రూపొందడం ఎలా సాధ్యం? ఈ ప్రశ్న తరతరాలుగా తత్త్వవేత్తలనూ శాస్త్రవేత్తలనూ వేధించింది. దానికి గణితభాషలో ఒక సమాధానాన్ని ప్రతిపాదించిన తొలి తరం వారిలో ట్యూరింగ్ అగ్రగణ్యుడు.

ట్యూరింగ్ కుటుంబానికి తెలుగునేలతో అనుబంధం ఉంది. ఆయన తండ్రి జూలియస్ మాథిసన్ ట్యూరింగ్ ఇండియన్ సివిల్ సర్వీసులో చేరి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేశాడు. పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలు ఆయన పనిచేసిన చోట్లు. 1911 మార్చిలో ఆయనకు గంజాం ప్రాంతంలోని ఛత్రపురానికి బదిలీ అయింది. నేడు ఒడిశాలో ఉన్న ఆ పట్టణం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. తల్లి ఎథెల్ సారా 1881లో కోయంబత్తూరు సమీపాన ఉన్న పోదనూరులో జన్మించింది. ఆమె తండ్రి ఎడ్వర్డ్ వాలర్ స్టోనీ మద్రాసు రైల్వేలో ప్రధాన ఇంజనీరు. తుంగభద్రా నదిపై రైలు వంతెన నిర్మాణాన్ని నిర్వహించినవాడు. దంపతుల పెద్దకుమారుడు జాన్ 1908లో కూనూరులో పుట్టాడు. రెండవవాడైన అలన్ మాత్రం తల్లిదండ్రులు సెలవుమీద స్వదేశానికి వెళ్ళినప్పుడు 1912 జూన్ 23న లండనులో జన్మించాడు.

ఉద్యోగధర్మం తండ్రిని మళ్ళీ మద్రాసు ప్రెసిడెన్సీకి రప్పించింది. తల్లి కూడా అనుసరించింది. భారతదేశపు వాతావరణం పసివానికి సరిపడదని భావించి పిల్లలిద్దరినీ ఇంగ్లండులోనే ఒక విశ్రాంత సైనికాధికారి ఇంట ఉంచారు. ఆ విధంగా అలన్ బాల్యంలో ఎక్కువ కాలం కన్నవారికి దూరంగా గడిచింది. ఒంటరితనం అతనిని తనలో తాను ఆలోచించుకొనే బాలునిగా మలచింది. చుట్టూ ఉన్న వస్తువులను నిశితంగా పరిశీలించడం చిన్ననాడే అలవడింది.

1922 చివర అతనికి పదేళ్ళ వయసులో ఒక పుస్తకం బహుమతిగా లభించింది. ఎడ్విన్ టెన్నీ బ్రూస్టర్ బాలలకోసం రచించిన ప్రకృతి వింతల పుస్తకమది. దేహం కణాలనే సజీవమైన ఇటుకలతో ఏర్పడుతుందని, ఆ కణాలు చీలి పెరగడంవల్లనే మనం పెరుగుతామని అందులో రచయిత వివరించాడు. అయితే ఎక్కడ వేగంగా పెరగాలో, ఎక్కడ ఆగిపోవాలో కణాలకు ఎలా తెలుస్తుందన్న విషయం అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదని కూడా దాచకుండా తెలిపాడు. విజ్ఞానలోకానికి తన కళ్ళు తెరిపించినది ఆ పుస్తకమేనని ట్యూరింగ్ పెద్దయిన తరువాత తల్లితో చెప్పాడు. 1923లో తల్లి గీసిన ఒక బొమ్మలో తోటి విద్యార్థులు హాకీ ఆడుతూ ఉంటే అలన్ మైదానంలో ఒక పక్కన వంగి డెయిజీ పూలను చూస్తూ ఉంటాడు. ఆ పూలమీది ఆసక్తి ఆయనను జీవితాంతం విడిచిపెట్టలేదు.

1926లో అలన్ షెర్‌బోర్న్ పాఠశాలలో చేరవలసి వచ్చింది. సరిగా అప్పుడే దేశవ్యాప్తంగా సమ్మె జరిగి రైళ్ళు ఆగిపోయాయి. పద్నాలుగేళ్ళు కూడా నిండని ఆ బాలుడు సౌతాంప్టన్ రేవు నుంచి దాదాపు 100 కిలోమీటర్ల దూరం సైకిలుమీద ప్రయాణించి పాఠశాల చేరుకొన్నాడు. అక్కడి విద్య ప్రధానంగా ప్రాచీన భాషలకు ప్రాముఖ్యమిచ్చేది. అలన్ మనసు మాత్రం గణితంమీద, విజ్ఞానంమీద లగ్నమైంది. క్రిస్టఫర్ మోర్కమ్ అనే సహాధ్యాయితో ఆయనకు గాఢమైన స్నేహం కుదిరింది. ఇద్దరూ నక్షత్రాలను గురించి, రసాయనాలను గురించి గంటల తరబడి చర్చించుకొనేవారు. 1930 ఫిబ్రవరిలో మోర్కమ్ క్షయవ్యాధితో మరణించాడు. ఆ మరణం అలన్‌ను కలచివేసింది. మిత్రుడు చేయదలచిన పనులను తాను పూర్తిచేయాలన్న దీక్ష అతనిలో కలిగింది. దేహానికీ మనసుకూ ఉన్న సంబంధమేమిటన్న ప్రశ్న అప్పటినుంచి అతనిని వెంటాడింది.

1931లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో ప్రవేశించి 1934లో గణితంలో ఉన్నత శ్రేణిలో పట్టభద్రుడయ్యాడు. మరుసటి సంవత్సరం ఇరవైరెండేళ్ళ వయసులో అదే కళాశాలకు ఫెలోగా ఎన్నికయ్యాడు. 1936లో ఆయన రచించిన పరిశోధనపత్రం గణితచరిత్రలో మైలురాయి. పొడవైన కాగితపు పట్టీమీద ఒక్కొక్క గడిలో గుర్తులు రాస్తూ, చెరుపుతూ, ముందుకూ వెనుకకూ కదిలే ఒక సరళమైన యంత్రాన్ని ఆయన ఊహించాడు. నియమాలు సరిగా ఇస్తే గణించదగినదేదైనా ఆ యంత్రం గణించగలదని నిరూపించాడు. అంతేకాక ఏ యంత్రానికీ లొంగని ప్రశ్నలు కొన్ని ఉన్నాయని కూడా తేల్చాడు. నేడు కొండాపూర్ మేడలలో నడిచే కంప్యూటర్లన్నిటికీ సిద్ధాంతపరంగా ఆ ఊహాయంత్రమే మాతృక. అటుపిమ్మట అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఆలోంజో చర్చ్ వద్ద పరిశోధన చేసి 1938లో డాక్టరేటు పొందాడు.

1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచయుద్ధం మొదలైంది. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మరునాడే ట్యూరింగ్ బ్లెచ్‌లీ పార్కులోని రహస్య కేంద్రంలో చేరాడు. జర్మన్లు ఎనిగ్మా అనే యంత్రంతో తమ సందేశాలను సంకేతాలుగా మార్చి పంపేవారు. ఆ యంత్రపు రహస్యాన్ని పోలండు గణితవేత్తలు అంతకుముందే కొంత ఛేదించారు. ఆ కృషిని ట్యూరింగ్ ముందుకు తీసుకుపోయి సంకేతాలను విప్పడానికి తోడ్పడే యంత్రాన్ని రూపొందించాడు. అట్లాంటిక్ సముద్రంలో నౌకలను ముంచివేస్తున్న జర్మన్ జలాంతర్గాముల సందేశాలను చదవడంలో ఆయన బృందం ప్రధానపాత్ర వహించింది. ఆ సేవకు ప్రభుత్వం 1946లో బిరుదునిచ్చింది. కాని ఆయన చేసిన పని ఏమిటో 1970 దశకం వరకు లోకానికి తెలియనే లేదు. అంతటి ఒత్తిడిలో కూడా ఆయన బాల్యపు కుతూహలాన్ని విడిచిపెట్టలేదు. సహోద్యోగిని జోన్ క్లార్క్‌తో కలిసి ఫర్ చెట్ల కాయలమీది మెలికల వరుసలను లెక్కిస్తూ ఉండేవాడు.

యుద్ధానంతరం కొంతకాలం జాతీయ భౌతిక ప్రయోగశాలలో కంప్యూటర్ నిర్మాణానికి ప్రణాళిక తయారుచేసి, 1948లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి చేరాడు. యంత్రం ఆలోచించగలదా అన్న ప్రశ్నను 1950లో ప్రకటించిన వ్యాసంలో చర్చించాడు. నేటి కృత్రిమ మేధకు సంబంధించిన చర్చలన్నీ ఆ వ్యాసాన్ని తలచుకోకుండా సాగవు. 1951 ఫిబ్రవరిలో ఫెరాంటి సంస్థ తయారుచేసిన కొత్త కంప్యూటర్ మాంచెస్టర్‌కు వచ్చింది. అదే సంవత్సరం రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. కొత్త యంత్రం చేతికందగానే ట్యూరింగ్ దానిని పదేళ్ళ వయసులో తన మనసులో నాటుకొన్న ప్రశ్నవైపు మళ్ళించాడు.

పిండం ఒక దశలో దాదాపు గోళాకారంలో ఉంటుంది. గోళాన్ని ఏ వైపు నుంచి చూసినా ఒకే విధంగా కనిపిస్తుంది. దానికి ముందు వెనుకలు, కుడియెడమలు ఉండవు. భౌతిక, రసాయనిక నియమాలకు కూడా దిక్కులపట్ల పక్షపాతం లేదు. మరి అటువంటి గోళం నుంచి తల, తోక, కాళ్ళు గల గుర్రం ఎలా వెలువడుతుంది? ట్యూరింగ్ తన పత్రంలో ఎన్నుకొన్న ఉదాహరణ కూడా గుర్రమే. ఈ చిక్కును విప్పడానికి ఆయన కణాలలో రెండు రసాయన పదార్థాలు ఉన్నట్లు ఊహించాడు. ఆకృతిని పుట్టించేవి అనే అర్థం వచ్చేలా వాటికి మార్ఫోజెన్లు అని పేరు పెట్టాడు. అవి ఒకదానితో మరొకటి రసాయనచర్య జరుపుతాయి. ఒక కణం నుంచి పక్క కణానికి వ్యాపిస్తాయి. ఈ రెండు క్రియలు తప్ప మూడవది ఆయనకు అవసరం కాలేదు.

వ్యాపనం సాధారణంగా భేదాలను చెరిపివేస్తుంది. గ్లాసు నీటిలో సిరాచుక్క వేస్తే కొంతసేపటికి నీరంతా ఒకే రంగుకు వస్తుంది. గది మూలలో వెలిగించిన అగరువత్తి పరిమళం గది అంతటా సమంగా నిండుతుంది. కనుక వ్యాపనం వల్ల ఆకృతులు పుడతాయని ఎవరూ అనుకోరు. ట్యూరింగ్ గణితం మాత్రం విపరీతమైన ఫలితాన్నిచ్చింది. రెండు పదార్థాలు చర్య జరుపుతూ వేరువేరు వేగాలతో వ్యాపిస్తూ ఉంటే, కొన్ని పరిస్థితులలో సమత్వం దానంతట అదే చెదిరిపోతుంది. ఒకచోట పదార్థం పోగవుతుంది, మరొకచోట తరిగిపోతుంది. చుక్కలూ చారలూ ఏర్పడతాయి.

దీనిని మన పల్లెల సంతతో పోల్చి చూడవచ్చు. ఒక మైదాన ప్రాంతంలో ఊళ్ళన్నీ ఒకే తీరుగా ఉన్నాయనుకుందాం. అనుకోకుండా ఒక ఊరిలో నాలుగు అంగళ్ళు ఎక్కువగా వెలిశాయి. అంగళ్ళు ఉన్నచోటికి కొనేవారు వస్తారు. కొనేవారు వచ్చేచోట మరికొన్ని అంగళ్ళు వెలుస్తాయి. క్రమంగా అక్కడ సంత స్థిరపడుతుంది. అయితే ఆ సంత చుట్టుపక్కల ఊళ్ళవారినందరినీ తనవైపు లాగుకొంటుంది. అందువల్ల సమీపగ్రామాలలో మరొక సంత తలెత్తదు. దాని ప్రభావం సన్నగిల్లేంత దూరం పోయిన తరువాతనే ఇంకొక సంత ఏర్పడుతుంది. కొన్నేళ్ళకు ఆ మైదానమంతటా ఇంచుమించు సమానమైన దూరాలలో సంతలు వెలుస్తాయి. ఏ ఊరిలో మొదటి సంత వెలుస్తుందన్నది యాదృచ్ఛికం. సంతకూ సంతకూ నడిమి దూరం మాత్రం నియమబద్ధం. పిండంలో అంగళ్ళ పాత్ర తనను తాను పెంచుకొనే పదార్థానిది. ఇరుగుపొరుగు ఊళ్ళను అణచే పాత్ర దానికంటె త్వరగా దూరాలకు వ్యాపించే రెండవ పదార్థానిది. మొదటి పదార్థం పోగుపడిన చోటి కణం ఒక దారి పడుతుంది. అది కొరవడిన చోటి కణం వేరొక దారి పడుతుంది. ఈ విధంగా ఒకే తీరుగా ఉన్న కణాల మధ్య భేదం పుడుతుంది. వెలుపలి నుంచి ఆజ్ఞాపించేవారు అవసరం లేదు.

మరి మొదటి తేడా ఎక్కడినుంచి వస్తుంది? కొనమీద నిలబెట్టిన కర్ర ఎంత నిటారుగా ఉన్నా చిన్నగాలికే ఏదో ఒక వైపు ఒరిగిపోతుంది. అదేవిధంగా పిండంలో అణువుల కదలికవల్ల అనుక్షణం కలిగే అతిసూక్ష్మమైన హెచ్చుతగ్గులే చాలునని ట్యూరింగ్ వివరించాడు. సమత్వం నిలకడ లేనిదైనప్పుడు ఆ హెచ్చుతగ్గులే పెరిగి ఆకృతులుగా స్థిరపడతాయి. ఇరవై కణాలను వలయంగా అమర్చినట్లు భావించి వాటిలో పదార్థాల పరిమాణాలు ఎలా మారుతాయో ఆయన లెక్కించి చూపాడు. వలయం చుట్టూ సమాన దూరాలలో శిఖరాలు ఏర్పడ్డాయి. హైడ్రా అనే నీటిజీవి నోటిచుట్టూ స్పర్శకాలు మొలిచే తీరును, కొన్ని మొక్కల కాండం చుట్టూ ఆకులు గుత్తిగా పుట్టే తీరును దానితో అన్వయించాడు. పశువుల చర్మంమీది మచ్చలను పోలిన చిత్రాన్ని చేతిలెక్కతోనే సాధించాడు. ఈ పరిశోధన 1952 ఆగస్టు 14న రాయల్ సొసైటీ పత్రికలో వెలువడింది. తన నమూనా నిజమైన పిండాన్ని ఎంతో సరళీకరించినదని ఆయన ఆ పత్రంలో ముందుగానే స్పష్టం చేశాడు. సరళీకరణంవల్ల కొంత సత్యం జారిపోతుంది. అయినా ముఖ్యమైనది మిగిలితే ఆ నమూనా ఉపయోగకరమే అన్నది ఆయన దృష్టి.

ఆ తరువాత ఆయన దృష్టి మొక్కలమీదికి మళ్ళింది. పొద్దుతిరుగుడు పువ్వులోని గింజలు రెండు దిశలలో మెలికలు తిరిగిన వరుసలుగా ఉంటాయి. ఆ వరుసలను లెక్కిస్తే సాధారణంగా 21, 34, 55, 89 వంటి సంఖ్యలు వస్తాయి. ప్రతి సంఖ్య తనకు ముందున్న రెండు సంఖ్యల మొత్తం. పాశ్చాత్యులు వీటిని ఫిబొనాచీ సంఖ్యలంటారు. మన ఛందోవేత్తలకు ఇవి అంతకుముందే తెలుసు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. నాలుగు మాత్రలను లఘుగురువులతో 5 విధాలుగా, అయిదు మాత్రలను 8 విధాలుగా, ఆరు మాత్రలను 13 విధాలుగా కూర్చవచ్చు. విరహాంకుడు, హేమచంద్రుడు వంటి పండితులు ఈ లెక్కను నిరూపించారు. పద్యపాదంలో కనిపించే సంఖ్యలే పువ్వులో ఎందుకు కనిపిస్తాయి? తన సమీకరణాల నుంచి ఈ సంఖ్యలను రాబట్టాలని ట్యూరింగ్ సంకల్పించాడు. రాత్రివేళల్లో కంప్యూటర్ వద్ద కూర్చుని లెక్కలు చేయించి, అది అచ్చువేసిన అంకెల మధ్య చేతితో గీతలు గీసి ఆకృతులను గుర్తించేవాడు.

ఇంతలో ఆయన జీవితంలో విషాదం ప్రవేశించింది. ట్యూరింగ్ స్వలింగ ప్రేమికుడు. అప్పటి ఇంగ్లండు చట్టం దానిని నేరంగా పరిగణించేది. 1952 జనవరిలో ఆయన ఇంట్లో దొంగతనం జరిగింది. ఆయన పోలీసులకు ఫిర్యాదు చేశాడు. విచారణలో తన సంబంధాన్ని దాచకుండా చెప్పాడు. దొంగను పట్టవలసినవారు ఫిర్యాదు చేసినవానినే నేరస్థునిగా నిలబెట్టారు. మార్చి 31న న్యాయస్థానం దోషిగా నిర్ణయించింది. కారాగారవాసానికి బదులు ఒక సంవత్సరంపాటు హార్మోను చికిత్సకు ఆయన అంగీకరించవలసి వచ్చింది. ప్రభుత్వ రహస్య కార్యాలలో పాల్గొనే అర్హత కూడా పోయింది. దేశాన్ని కాపాడిన మేధను దేశమే అనుమానించింది. కొద్దిపాటి రసాయనం జీవి ఆకృతిని ఎలా మలచగలదో లోకానికి చెప్పిన పత్రం అచ్చయ్యే నాటికి, ఆయన దేహంలోకి బలవంతంగా చేరిన రసాయనం ఆయన ఆకృతినే మారుస్తూ ఉన్నది.

ఆ అవమానం నడుమ కూడా ఆయన పనిని ఆపలేదు. మొక్కల ఆకృతులను గురించిన రచన సాగిస్తూనే ఉన్నాడు. గోళాకారపు సూక్ష్మజీవుల ఆకృతులను లెక్కించే పనిని ఒక విద్యార్థికి అప్పగించాడు. కాని ఆ కృషి పూర్తికాలేదు. 1954 జూన్ 7న విల్మ్‌స్లోలోని తన ఇంట్లో సయనైడు విషంతో మరణించాడు. నలభైరెండవ పుట్టినరోజుకు అప్పటికి పదహారు దినాలే ఉన్నాయి. విచారణాధికారి ఆత్మహత్యగా నిర్ధారించాడు. రసాయన ప్రయోగాలలో జరిగిన ప్రమాదమేనని తల్లి విశ్వసించింది. అసంపూర్ణంగా మిగిలిన ఆయన రాతప్రతులు 1992లో గాని గ్రంథరూపంలో రాలేదు.

1953లో డీఎన్ఏ నిర్మాణం వెల్లడి కావడంతో జీవశాస్త్రజ్ఞుల దృష్టి అంతా జన్యువులమీదికి పోయింది. ట్యూరింగ్ పత్రం దాదాపు రెండు దశాబ్దాలు మరుగున పడింది. 1957లో కాన్రాడ్ వాడింగ్టన్ కణాల భవితవ్యాన్ని కొండవాలుతో పోల్చాడు. వాలుమీద జారే బంతి ఏదో ఒక లోయలో దిగినట్లు కణం ఏదో ఒక మార్గంలో స్థిరపడుతుందని వివరించాడు. 1969లో లూయిస్ వోల్పర్ట్ వేరొక ఆలోచనను ముందుకు తెచ్చాడు. ఒక అంచు నుంచి మరొక అంచుకు తగ్గుతూ పోయే పదార్థపు మోతాదునుబట్టి ప్రతి కణమూ తన స్థానాన్ని గుర్తిస్తుందని ఆయన ప్రతిపాదన. 1972లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ గియరర్, హాన్స్ మైన్‌హార్ట్ అనేవారు ట్యూరింగ్ మార్గాన్ని పునరుద్ధరించారు. దగ్గరలో ప్రేరేపించడం, దూరంలో అణచివేయడం అనే సూత్రాన్ని వారు తేటపరిచారు. 1990లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు రసాయన ద్రావణంలో ట్యూరింగ్ ఆకృతులను కళ్ళారా చూపించారు. 1995లో జపానుకు చెందిన షిగెరు కోండో, రిహితో అసాయి సముద్రపు చేప చర్మంమీది చారలు ఆ సమీకరణాలు చెప్పినట్లే కదులుతున్నాయని కనుగొన్నారు.

పిండం విషయంలో కూడా సాక్ష్యాలు లభించాయి. జీబ్రాచేప తొలి పిండంలో నోడల్ అనే పదార్థం కొన్ని కణాలను అంతరవయవాలుగా మారే దారిలో పెడుతుంది. లెఫ్టీ అనే పదార్థం దానిని అణచివేస్తుంది. లెఫ్టీ నోడల్ కంటె త్వరగా వ్యాపిస్తుందని 2012లో కొలతలు వేసి తేల్చారు. ట్యూరింగ్ సిద్ధాంతం కోరిన లక్షణం అదే. ఎలుకపిల్ల పాదంలో వేళ్ళు ఏర్పడేచోటును, వాటి నడుమ ఖాళీలను నిర్ణయించేది ఇటువంటి ఏర్పాటేనని 2012లోను, 2014లోను వెలువడిన పరిశోధనలు సూచించాయి. అయితే ప్రకృతి అన్నిచోట్లా ఈ మార్గాన్నే అనుసరించలేదు. ఫలమక్షిక పిండంమీది చారలను చూసినవారు మొదట అవి ట్యూరింగ్ ఆకృతులేనని తలచారు. పరిశోధించగా ఒక్కొక్క చారకు వేరువేరు జన్యునియంత్రణ ఉన్నట్లు తేలింది. ఒక సిద్ధాంతం విలువ అది అన్నిటికీ అన్వయించడంలో లేదు. ఎక్కడ వర్తిస్తుందో, ఎక్కడ వర్తించదో పరీక్షించి తేల్చుకోవడానికి వీలివ్వడంలో ఉంది. కణాలను, అణువులను పరిశోధించడానికి 1977లో హైదరాబాదులో ఏర్పడిన సీసీఎంబీలో కూడా ఫలమక్షిక పిండాభివృద్ధిపై పరిశోధనలు జరిగాయి.

కాలం ట్యూరింగ్‌కు ఆలస్యంగా న్యాయం చేసింది. కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన పురస్కారాన్ని 1966 నుంచి ఆయన పేరుతో ఇస్తున్నారు. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి 1994లో ఆ పురస్కారాన్ని అందుకొన్నాడు. ట్యూరింగ్ పట్ల జరిగిన అన్యాయానికి 2009లో బ్రిటిష్ ప్రధానమంత్రి గార్డన్ బ్రౌన్ క్షమాపణ చెప్పాడు. 2013 డిసెంబరు 24న బ్రిటన్ రాణి మరణానంతర క్షమాభిక్షను ప్రకటించింది. 2021 జూన్ 23న ఆయన చిత్రంతో 50 పౌండ్ల నోటు వెలువడింది. ఆంగ్లేయుల పాలనలో మన దేశంలో ఏర్పడిన అటువంటి చట్టాన్నే భారత సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న వయోజనుల పరస్పర అంగీకారానికి వర్తించకుండా చేసింది.

ట్యూరింగ్ జీవితం మనకు రెండు విషయాలను బోధిస్తుంది. బాల్యంలో కలిగిన ప్రశ్నను చిన్నదని విడిచిపెట్టరాదు. పదేళ్ళప్పుడు చదివిన పుస్తకం జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నకు ఆయన ముప్పైతొమ్మిదేళ్ళ వయసులో జవాబు వెదికాడు. రెండవది అంతకంటె లోతైనది. కణాలన్నీ కడవరకు ఒకే తీరుగా ఉండిపోతే కన్ను లేదు, గుండె లేదు, వేలు లేదు. భేదం పుట్టినప్పుడే జీవి రూపుదాలుస్తుంది. ఈ సత్యాన్ని గణితంతో నిరూపించిన వ్యక్తిని, అందరిలాంటివాడు కానందుకు ఆయన కాలపు సమాజం శిక్షించింది. ఏ విద్యార్థి అయినా తన అరచేతిని చాచి అయిదు వేళ్ళనూ, వాటి నడుమ ఖాళీలనూ చూసుకొంటే చాలు. ఒకనాడు ఆటస్థలంలో ఆట మరచి పూలను చూస్తూ నిలబడిన ఒక బాలుని ప్రశ్న అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రశ్నలు

1. ట్యూరింగ్ కుటుంబానికి తెలుగు ప్రాంతాలతో గల సంబంధాన్ని తెలపండి.
2. ఒకే తీరుగా ఉన్న కణాల మధ్య భేదం ఎలా పుడుతుందో సంతల ఉదాహరణతో వివరించండి.
3. ఛందశ్శాస్త్రంలోని మాత్రల లెక్కకు, పొద్దుతిరుగుడు పువ్వుకు గల పోలిక ఏమిటి? ఏడు మాత్రలను ఎన్ని విధాలుగా కూర్చవచ్చు?
4. ట్యూరింగ్ సిద్ధాంతం ఫలమక్షిక చారలకు వర్తించకపోవడం ఆ సిద్ధాంతపు విలువను తగ్గిస్తుందా? మీ అభిప్రాయాన్ని సకారణంగా రాయండి.
5. ట్యూరింగ్ పట్ల నాటి సమాజం వ్యవహరించిన తీరును గురించి వ్యాసం రాయండి.